టీడీడీతో చిన్న వెబ్ యాప్: మొదటి టెస్ట్ నుంచి డేటాబేస్ దాకా

"టెస్ట్ ముందు, కోడ్ తర్వాత అని తెలుసు. కానీ ఏ టెస్ట్ ముందు?" టీడీడీ (టెస్ట్ డ్రివెన్ డెవలప్‌మెంట్: ముందు టెస్ట్ రాసి, అది పాసయ్యేంత కోడ్ తర్వాత రాసే పద్ధతి) గురించి వచ్చే ప్రశ్నల్లో సగానికి పైగా తిరిగి తిరిగి ఇక్కడికే వస్తాయి. టెస్ట్ రాయడం పెద్ద విద్యేం కాదు, ఒక పూటలో వచ్చేస్తుంది. ఒక టెస్ట్ పాసయ్యాక తర్వాతిది ఏదో తేల్చుకోలేకే చాలామంది ఆగిపోతారు, లేదా విసుగొచ్చి కోడ్ మొత్తం రాసేసి టెస్టులు చివర్లో అతికిస్తారు. అందుకే ఇక్కడ ఒకే యాప్ తీసుకుని, టెస్టులు ఏ వరుసలో వస్తాయో, ఆ వరుస ఎందుకో చెప్తాను.

కమాండ్లు, ఫైళ్ల పేర్లు, ఫంక్షన్ల పేర్లు పలికినట్టే తెలుగు లిపిలో ఇచ్చాను. టైపు చేసేటప్పుడు మామూలుగా ఇంగ్లీషు అక్షరాల్లోనే చేయండి.

## 1. ఏం కడుతున్నాం

లింకులు కుదించే యాప్. పొడవాటి వెబ్ అడ్రస్ ఇస్తే ఆరు అక్షరాల కోడ్ ఇస్తుంది. ఆ కోడ్ తెరిస్తే అసలు అడ్రస్‌కి పంపుతుంది. ఏడు రోజులు దాటితే ఆ లింకు పనిచేయదు. అంతే. లాగిన్ లేదు, అడ్మిన్ పేజీ లేదు.

చేయాల్సిన పనుల జాబితా లాంటి యాప్ తీసుకోకపోవడానికి కారణం ఉంది. టెస్టులకి కొరకరాని కొయ్యలు మూడు: యాదృచ్ఛికంగా పుట్టే విలువలు, గడియారం, డేటాబేస్. పనుల జాబితాలో మొదటి రెండూ దాదాపు ఎదురుకావు. లింకుల యాప్‌లో మూడూ తగులుతాయి, అయినా యాప్ చిన్నదే.

పనిముట్లు పైథాన్ భాష, అందులో వెబ్ యాప్ కట్టడానికి ఫ్లాస్క్, టెస్టులు నడపడానికి పైటెస్ట్. మీరు జాంగోలోనో ఎక్స్‌ప్రెస్‌లోనో రాస్తుంటే పనిముట్ల పేర్లు మారతాయి తప్ప టెస్టుల వరుస మారదు.

## 2. మొదలుపెట్టే ముందు

- ప్రాజెక్టుకి వేరుగా ఒక వర్చువల్ ఎన్విరాన్‌మెంట్ (ఈ ప్రాజెక్టు లైబ్రరీలు మాత్రమే ఉండే చోటు). అందులో ఫ్లాస్క్, పైటెస్ట్ ఇన్‌స్టాల్ చేయాలి.
- రెండు ఫోల్డర్లు: ఒకటి యాప్‌కి, ఒకటి టెస్టులకి.
- మొదటి నిమిషం నుంచే గిట్ (కోడ్ మార్పుల చరిత్ర దాచే పనిముట్టు). ప్రతి పచ్చకీ, అంటే టెస్టులు పాసైన ప్రతిసారీ, ఒక కమిట్ చేస్తారు (అప్పటి కోడ్‌ని గిట్‌లో భద్రపరుస్తారు) కాబట్టి ఇది తర్వాత చూసుకునే పని కాదు.
- ఎడిటర్‌లో ఒక్క కీ నొక్కితే టెస్టులన్నీ నడిచే ఏర్పాటు. ప్రతిసారీ కమాండ్ టైపు చేయాల్సి వస్తే రెండో రోజుకి మానేస్తారు.
- పక్కన ఒక కాగితం, లేదా తెరిచి ఉంచిన నోట్స్ ఫైలు.

టెస్ట్ ఫైలు పేరూ, అందులోని ఫంక్షన్ పేరూ రెండూ 'టెస్ట్ అండర్‌స్కోర్'తో మొదలయ్యేలా పెట్టండి. పైటెస్ట్ తన పేర్ల పద్ధతిలో లేనివాటిని పట్టించుకోదు, సున్నా టెస్టులు దొరికాయని చెప్పి ఊరుకుంటుంది.

టెస్టులని ఉత్త 'పైటెస్ట్' కమాండ్‌తో కాకుండా 'పైథాన్ హైఫన్ ఎమ్ పైటెస్ట్' అని నడపండి. ఇలా నడిపితే మీరున్న ఫోల్డర్‌ని కూడా పైథాన్ మాడ్యూళ్ల కోసం వెతుకుతుంది. యాప్ మాడ్యూల్ దొరకలేదని మొదటి రోజు వచ్చే ఎర్రర్లు చాలావరకు దీంతోనే పోతాయి.

ఇప్పుడు ఒకటి, రెండు సమానమని చెప్పే అబద్ధపు టెస్ట్ ఒకటి రాసి నడపండి. ఫెయిలవ్వాలి. ఫెయిలైతే పనిముట్లు పనిచేస్తున్నట్టే. ఆ టెస్ట్ తీసేసి ముందుకు కదలండి.

ఒక చిన్న సంగతి. పైథాన్ 3లో ఫంక్షన్ పేరు తెలుగులో ఉండొచ్చు. 'టెస్ట్ అండర్‌స్కోర్' అన్న ముక్క ఇంగ్లీషులో ఉంచి మిగతాది తెలుగులో రాస్తే పైటెస్ట్ హాయిగా నడుపుతుంది, ఫెయిలైనప్పుడు రిపోర్టు చదవడానికీ బాగుంటుంది. పొల్లు తర్వాత కంటికి కనిపించని జీరో విడ్త్ నాన్ జాయినర్ పడితే మాత్రం పైథాన్ సింటాక్స్ ఎర్రర్ ఇస్తుంది. తెలుగు కీబోర్డులు కొన్ని దాన్ని మనకి తెలియకుండానే పెట్టేస్తాయి. బృందంలో తెలుగు రానివాళ్లుంటే ఈ సరదా వదిలేయండి.

## 3. కోడ్ కన్నా ముందు జాబితా

కాగితం మీద, యాప్ ఏం చేయాలో బయటి మనిషి కళ్లతో రాయండి. క్లాసులు, టేబుళ్లు, ఫంక్షన్ల పేర్లు ఇందులో రాకూడదు. నా జాబితా ఇలా ఉంటుంది (అంకెలు సర్వర్ జవాబుతో పాటు పంపే స్టేటస్‌లు: 201 కొత్తది తయారైంది, 302 వేరే అడ్రస్‌కి వెళ్లు, 404 దొరకలేదు, 400 పంపింది తప్పు, 410 ఇక లేదు):

- మంచి లింకు ఇస్తే 201, జవాబులో ఒక కోడ్
- ఆ కోడ్ తెరిస్తే అసలు లింకుకి 302
- రెండు లింకులు ఇస్తే దేనికి దారి దానిది
- తెలియని కోడ్‌కి 404
- చెత్త లింకుకి 400, ఏదీ దాచకూడదు
- ఒకే కోడ్ రెండుసార్లు పుడితే రెండో లింకుకి మరోటి
- ఏడు రోజులు దాటితే 410
- సర్వర్ ఆపి మళ్లీ నడిపినా లింకులు ఉండాలి
- మొదటి పేజీలో ఫారం

ఈ వరుస రాసుకున్నప్పటి వరుస. పని చేస్తుంటే మారుతుంది, కొత్తవి చేరతాయి. టెస్ట్ రాస్తుండగా "అరే, ఖాళీ స్పేసులు ఇస్తే?" అనిపిస్తే అక్కడికక్కడే అటు మళ్లకండి. కాగితం మీద ఒక లైను చేర్చి చేతిలో ఉన్నది పూర్తి చేయండి.

తర్వాతి టెస్ట్ ఎంచుకోవడానికి నేను వాడే కొలత ఒక్కటే: ఇప్పుడున్న కోడ్ దీన్ని కచ్చితంగా ఫెయిల్ చేస్తుందా, చేస్తే కొన్ని లైన్లలోనే పాస్ చేయగలనా? రెండింటికీ అవునంటే అదే తర్వాతి టెస్ట్. మొదటిదానికి కాదంటే ఆ టెస్ట్‌కి ఇంకా సమయం రాలేదు. రెండోదానికి కాదంటే అది పెద్ద ముక్క, విడగొట్టాలి.

## 4. ఒక చుట్టు ఎలా తిరగాలి

ఎరుపు. ఒకే ఒక టెస్ట్ రాసి నడపండి. ఫెయిలవడంతో సరిపోదు, ఏం చెప్పి ఫెయిలైందో చదవండి. 201 రావాల్సిన చోట 404 వచ్చిందంటే మంచి ఎరుపు. ఇంపోర్ట్ ఎర్రరో, పేరులో అక్షర దోషమో అయితే అది ఎరుపు కింద లెక్కకాదు. దాన్ని సరిచేసి మళ్లీ నడపండి.

పచ్చ. పాసవడానికి చాలినంత కోడ్ మాత్రమే. సిగ్గుపడకుండా స్థిరమైన విలువ రాసిచ్చేయొచ్చు.

సర్దుబాటు. టెస్టులన్నీ పచ్చగా ఉండగా పేర్లు, పునరుక్తి, ఫంక్షన్ల హద్దులు సరిచేయడం. ఈ దశలో కొత్త ప్రవర్తన ఏదీ చేరకూడదు. అయ్యాక మళ్లీ నడిపి కమిట్ చేయండి.

## 5. మొదటి టెస్ట్: దేనితో మొదలుపెట్టకూడదో ముందు

జాబితాలో అన్నిటికన్నా తేలిగ్గా కనిపించేది 'తెలియని కోడ్‌కి 404'. చాలామంది దానితోనే మొదలుపెడతారు. రాసి చూడండి, ఒక్క లైను యాప్ కోడ్ రాయకుండానే పాసైపోతుంది! రూట్లు (ఏ అడ్రస్‌కి ఏ ఫంక్షన్ జవాబివ్వాలో చెప్పేవి) ఏవీ లేని ఫ్లాస్క్ యాప్ దేన్ని అడిగినా 404 ఇస్తుంది మరి. ఆ పచ్చ మీ కోడ్ గురించి ఏమీ చెప్పదు. పుట్టుకతోనే పాసయ్యే టెస్ట్‌ని పక్కన పెట్టండి. దాని రోజు ఆరో విభాగంలో వస్తుంది.

కాబట్టి మొదటిది ఇది:

> సిద్ధం: కొత్త యాప్, దాని టెస్ట్ క్లయింట్
> చర్య: 'లింక్స్' రూట్‌కి ఒక మంచి అడ్రస్‌తో పోస్ట్ (సర్వర్‌కి డేటా పంపే రిక్వెస్ట్)
> చూడాల్సింది: స్టేటస్ 201

దీనికి ముందు ఒక ఏర్పాటు కావాలి. యాప్‌ని ఫైల్ పైభాగంలో ఒక గ్లోబల్‌గా పెట్టకుండా, 'క్రియేట్ యాప్' అనే ఫంక్షన్ దాన్ని తయారుచేసి ఇచ్చేలా రాయండి. కాన్ఫ్‌టెస్ట్ అనే ఫైల్లో ఒక ఫిక్స్చర్ (టెస్ట్‌కి కావాల్సినవి సిద్ధం చేసే ఫంక్షన్) పెట్టి, అందులో ఆ ఫంక్షన్‌ని పిలిచి, టెస్టింగ్ సెట్టింగ్ ఆన్ చేసి, టెస్ట్ క్లయింట్ ఇవ్వండి. ఫిక్స్చర్‌కి స్కోప్ (అది ఎంతసేపు నిలవాలో) ఏదీ చెప్పకపోతే పైటెస్ట్ ప్రతి టెస్ట్‌కీ దాన్ని కొత్తగా నడుపుతుంది. మనకి కావాల్సింది అదే: ఒక టెస్ట్ వదిలిన చెత్త ఇంకోదానికి తగలకూడదు.

టెస్ట్ క్లయింట్‌కి అసలు సర్వర్ అక్కర్లేదు, పోర్టు అక్కర్లేదు. బ్రౌజర్ పంపే రిక్వెస్ట్ లాంటిదాన్ని నేరుగా యాప్‌కి అందిస్తుంది. అందుకే ఇలాంటి టెస్టులు వందలున్నా చకచకా అయిపోతాయి.

ఉదాహరణ అడ్రసులకి 'ఎగ్జాంపుల్ డాట్ కామ్' వాడండి. ఆ డొమైన్‌ని ఇలాంటి పనులకే కేటాయించి ఉంచారు. ఎవరి సైటునో టెస్టుల్లోకి లాగాల్సిన పని లేదు.

నడిపితే 404 వచ్చింది, 201 కావాలి అని ఫెయిలవుతుంది. మంచి ఎరుపు. ఇప్పుడు పోస్ట్‌ని తీసుకుని ఖాళీ జవాబుతో 201 ఇచ్చే రూట్ ఒకటి రాయండి. పచ్చ. కమిట్.

## 6. రానూపోనూ: నకిలీ నుంచి నిజానికి

రెండో టెస్ట్: ఒక లింకు ఇచ్చి, వచ్చిన కోడ్‌ని గెట్‌తో (పేజీ తెరిచేటప్పుడు బ్రౌజర్ పంపే రిక్వెస్ట్) తెరిస్తే 302 రావాలి, లొకేషన్ హెడర్‌లో (ఎక్కడికి వెళ్లాలో చెప్పే లైను) మనమిచ్చిన అడ్రసే ఉండాలి.

దీన్ని పాస్ చేయడానికి ఎంత కోడ్ చాలు? పోస్ట్ ఎప్పుడూ ఒకే కోడ్ ఇస్తే చాలు. గెట్ ఎప్పుడూ టెస్ట్‌లో ఉన్న ఆ అడ్రస్‌కే పంపితే చాలు. అలాగే రాయండి. పచ్చ వస్తుంది. ఈ నకిలీ పచ్చ చూసి నవ్వొస్తుంది కానీ దీనివల్ల లాభం ఉంది: రూట్లు, జేసన్ జవాబు, హెడర్ అన్నీ కుదిరాయని తేలింది. ఇక మీద ఫెయిలైతే కారణం తర్కంలోనే ఉంటుంది.

మూడో టెస్ట్ ఆ నకిలీని బద్దలు కొడుతుంది: రెండు వేర్వేరు లింకులు ఇస్తే, ఒక్కో కోడ్ దాని లింకుకే వెళ్లాలి. స్థిరమైన విలువతో ఇక తప్పించుకోలేరు. ఒక డిక్షనరీ (పైథాన్‌లో కోడ్‌కి దాని లింకుని జతచేసి ఉంచే చోటు) కావాలి, ప్రతిసారీ కొత్త కోడ్ కావాలి. ఇప్పటికి కోడ్ అంటే 1, 2, 3 అని పెరిగే అంకె చాలు. డేటాబేస్ ఊసే వద్దు.

ఆ డిక్షనరీని మాడ్యూల్ పైభాగంలో పెట్టకండి, క్రియేట్ యాప్ లోపల పుట్టించండి. లేకపోతే యాప్ కొత్తదైనా డిక్షనరీ పాతదే ఉంటుంది.

ఇప్పుడు పక్కన పెట్టిన 404 టెస్ట్ తీయండి. ఈసారి పాసవదు. డిక్షనరీలో లేని కోడ్ అడిగితే కీ ఎర్రర్ పేలుతుంది. టెస్టింగ్ సెట్టింగ్ ఆన్‌లో ఉంది కాబట్టి ఫ్లాస్క్ దాన్ని 500 (సర్వర్‌లో లోపం) పేజీ వెనక దాచకుండా నేరుగా టెస్ట్ దాకా రానిస్తుంది. ఇదే సెట్టింగ్ ఆఫ్‌లో ఉంటే 500 వచ్చిందని మాత్రమే కనబడేది. నిన్న ఏమీ చెప్పని టెస్ట్ ఇవాళ నిజమైన బగ్ పట్టింది. దాని వరుస మారింది, అంతే.

రెండు జాగ్రత్తలు:

- 301 కాదు, 302. 301 అంటే శాశ్వతం. బ్రౌజర్ దాన్ని గుర్తుపెట్టుకుని తర్వాతిసారి మీ సర్వర్‌ని అడగకుండానే వెళ్లిపోవచ్చు. అప్పుడు గడువు తీరిన లింకు కూడా పనిచేస్తూనే ఉంటుంది. టెస్ట్‌లో '3తో మొదలయ్యే ఏదైనా' అని వదులుగా రాయకండి, 302 అనే రాయండి.
- రీడైరెక్ట్‌ని అనుసరించే ఆప్షన్ ఆన్ చేయకండి. మామూలుగా అది ఆఫ్‌లోనే ఉంటుంది. మనకి కావాల్సింది 'ఎక్కడికి పంపావు' అన్నది. అక్కడికి వెళ్లి చూడటం మన పని కాదు, టెస్ట్ క్లయింట్ బయటి సైట్లకి వెళ్లలేదు కూడా.

## 7. చెత్త లింకులు

ఇక్కడ ఒకే ఆకారంలో టెస్టులు చాలా వస్తాయి. విడివిడిగా రాయకుండా పైటెస్ట్‌లోని పారామెట్రైజ్ వాడి ఒకే టెస్ట్‌కి పట్టిక ఇవ్వండి. పట్టికలో ఉండాల్సినవి:

- ఖాళీ, ఉత్త స్పేసులు
- ముందు హెచ్‌టీటీపీ లేని అడ్రస్. పైథాన్ యూఆర్ఎల్ విడగొట్టే ఫంక్షన్‌కి దీన్ని ఇస్తే మొత్తాన్నీ పాత్ అనుకుంటుంది, హోస్ట్ ఖాళీగా వస్తుంది
- 'జావాస్క్రిప్ట్ కోలన్'తో మొదలయ్యేది
- ఎఫ్‌టీపీ, ఫైల్ లాంటి స్కీములు (అడ్రస్ మొదట్లో కోలన్‌కి ముందుండే ముక్క)
- మీరు పెట్టుకున్న హద్దు కన్నా ఒక్క అక్షరం పొడవైనది
- మీ యాప్ డొమైన్‌నే చూపించేది. వదిలేస్తే కుదించిన లింకుని మళ్లీ కుదించి గొలుసులు కడతారు

'చెడ్డవి ఇవి' అని ఒక్కోదాన్నీ అడ్డుకుంటూ పోతే కోడ్ అల్లకల్లోలం అవుతుంది. జావాస్క్రిప్ట్ వరస పాసయ్యేలా చేసి ఎఫ్‌టీపీ వరసకి వచ్చేసరికి మీకే అర్థమవుతుంది: హెచ్‌టీటీపీ, హెచ్‌టీటీపీఎస్ తప్ప ఏదీ ఒప్పుకోకూడదని తిప్పి రాయడం మేలు. సర్దుబాటు దశ ఇక్కడ దాని విలువ చూపిస్తుంది.

తనిఖీ కోసం విడిగా ఒక ఫంక్షన్ రాసి పట్టిక అంతా దాని మీదే నడపండి. వెబ్ స్థాయిలో ఒక్క టెస్ట్ చాలు: చెత్త లింకు పంపితే 400, *లోపల ఏదీ చేరలేదు*. ఈ రెండో సగం చాలామంది మర్చిపోతారు. 400 ఇస్తూనే డిక్షనరీలో రాసేసే కోడ్ స్టేటస్ ఒక్కటే చూసే టెస్ట్‌కి దొరకదు.

ఫారంలో లింకు ఫీల్డే లేకుండా పంపితే? స్క్వేర్ బ్రాకెట్లతో తీస్తుంటే ఫ్లాస్క్ తనంతట తనే 400 ఇస్తుంది, కాబట్టి ఈ టెస్ట్ పుడుతూనే పాసవ్వొచ్చు. దీన్ని మాత్రం ఉంచండి. రేపు ఎవరైనా ఆ లైనుని డిక్షనరీల 'గెట్' ఫంక్షన్‌కి (గెట్ రిక్వెస్ట్ కాదు) మారిస్తే ప్రవర్తన మారిపోతుంది, అది పట్టుకోవడానికి పనికొస్తుంది. ఉంచే ముందు ఆ లైనుని కావాలని పాడుచేసి, టెస్ట్ ఎర్రబడుతుందో లేదో చూడండి.

## 8. యాదృచ్ఛికమైన కోడ్

1, 2, 3 అంటే ఎవరైనా పక్కవాళ్ల లింకులు ఊహించేస్తారు. ఆరు యాదృచ్ఛిక అక్షరాలు కావాలి. ఇంగ్లీషు పెద్ద, చిన్న అక్షరాలు, అంకెలు కలిపితే 62. చూపుకి ఒకదానితో ఒకటి కలిసిపోయే సున్నా, పెద్ద ఓ, ఒకటి, పెద్ద ఐ, చిన్న ఎల్ తీసేస్తే 57 మిగులుతాయి. ఆరు స్థానాలకి 3,429 కోట్లకు పైగా కోడ్లు. చాలు.

ఏమొస్తుందో ముందే తెలియనిదాన్ని టెస్ట్ చేయడం ఎలా? రెండు ముక్కలు చేయండి.

జనరేటర్ ఫంక్షన్. ఫలానా విలువ రావాలని అడగకండి, లక్షణాలు అడగండి: పొడవు ఆరు, అక్షరాలన్నీ ఆ 57లోవే. అమలుకి పైథాన్ సీక్రెట్స్ మాడ్యూల్ వాడండి. మామూలు ర్యాండమ్ మాడ్యూల్ ఊహించరాని కోడ్ల కోసం ఉద్దేశించింది కాదు.

దాన్ని వాడే చోటు. జనరేటర్‌ని లోపలే పిలవకుండా క్రియేట్ యాప్‌కి బయటి నుంచి అందించండి. ఇక టెస్ట్‌లో మీకు నచ్చిన వరుస ఇవ్వొచ్చు. కోడ్లు ఢీకొనే సందర్భం ఇలా వస్తుంది:

> సిద్ధం: వరుసగా 'ఎ' ఆరుసార్లు, మళ్లీ 'ఎ' ఆరుసార్లు, తర్వాత 'బి' ఆరుసార్లు ఇచ్చే నకిలీ జనరేటర్
> చర్య: రెండు లింకులు కుదించు
> చూడాల్సింది: రెండోదానికి 'బి'ల కోడ్, 'ఎ'ల కోడ్ ఇంకా మొదటి లింకుకే

చివరి ముక్క ముఖ్యం. అది లేకపోతే రెండో లింకు మొదటిదాన్ని తుడిచేసినా టెస్ట్‌కి తెలియదు.

పాస్ చేయడానికి సహజంగా చేయి వెళ్లేది 'కొత్తది దొరికేదాకా తిరుగు' అనే లూప్ మీదకి. వెంటనే కాగితం మీద ఇంకో లైను రాయండి: జనరేటర్ ఎప్పుడూ ఒకే కోడ్ ఇస్తే? ఆ టెస్ట్ ఇప్పటి కోడ్ మీద ఫెయిలవదు, ఆగకుండా తిరుగుతూ కూర్చుంటుంది. పైటెస్ట్‌కి దానంతటదిగా సమయ పరిమితి లేదు, కంట్రోల్ సీ కొట్టాల్సిందే. ఐదు ప్రయత్నాలు చేసి 503 (ప్రస్తుతం వీలుకాదు) ఇవ్వమని నిర్ణయించి, ముందు టెస్ట్‌లో రాసి, తర్వాత లూప్ మార్చండి.

## 9. గడువు, గడియారం

సూత్రం జనరేటర్‌దే. 'ఇప్పుడు ఎంతైంది' అనే ఫంక్షన్‌ని బయటి నుంచి ఇవ్వండి. టెస్ట్‌లో దాన్ని మీరే ముందుకు జరుపుతారు. స్లీప్ పెట్టే టెస్ట్ ఎక్కడ కనబడినా తీసేయండి, నిదానంగా నడవడమే కాదు, అప్పుడప్పుడూ కారణం లేకుండా ఫెయిలవుతుంది కూడా.

మూడు టెస్టులు: ఏడు రోజులకి ఒక సెకను ముందు 302, ఒక సెకను తర్వాత 410, సరిగ్గా ఏడు రోజులకి? అది మీరు తేల్చాలి. ఏది తేల్చినా టెస్ట్‌లో రాయండి. గడువు బగ్గులు ఎక్కువగా 'కన్నా చిన్న', 'చిన్న లేదా సమానం' గుర్తుల మధ్యే పుడతాయి.

404 బదులు 410 ఎందుకంటే, ఒకప్పుడు ఉండేది, ఇక రాదు అని అది స్పష్టంగా చెప్తుంది.

సమయాలన్నీ యూటీసీలో, టైమ్‌జోన్ సమాచారంతో సహా ఉంచండి. టైమ్‌జోన్ ఉన్నదానితో లేనిదాన్ని చిన్న-పెద్ద పోలిస్తే పైథాన్ టైప్ ఎర్రర్ ఇస్తుంది. నకిలీ గడియారం ఒక రకం, అసలు గడియారం ఇంకో రకం ఇస్తే టెస్టులన్నీ పచ్చగా ఉండి అసలు యాప్ పడిపోతుంది.

## 10. డిక్షనరీ పోయి డేటాబేస్ వచ్చే రోజు

ఇంతదాకా డేటాబేస్ ఆపింది కావాలనే. ఇప్పటికి యాప్ దాచే చోటుని ఏం అడుగుతుందో టెస్టులే తేల్చాయి: దాచు, వెతుకు. రెండే పనులు. డిక్షనరీని ఒక చిన్న క్లాసులోకి తీసి, ఈ రెండు పద్ధతులు పెట్టండి. టెస్టులన్నీ పచ్చగానే ఉండాలి.

తర్వాత ఆ క్లాసుకి మాత్రమే కొన్ని టెస్టులు: దాచింది దొరకాలి, లేనిది లేదనాలి, ఉన్న కోడ్‌ని మళ్లీ దాచబోతే ఒప్పుకోకూడదు. ఫిక్స్చర్‌ని పారామెట్రైజ్ చేస్తే ఇవే టెస్టులు డిక్షనరీ రకం మీద ఒకసారి, ఎస్‌క్యూలైట్ (ఒకే ఫైల్లో ఉండే చిన్న డేటాబేస్) రకం మీద ఒకసారి నడుస్తాయి. రెండో రకం ఇంకా లేదు కాబట్టి ఆ సగం ఎర్రగా ఉంటుంది. దాన్ని ఒక్కొక్కటిగా పచ్చ చేస్తూ పోండి.

ఈ దశలో మూడు గోతులున్నాయి.

మెమరీ డేటాబేస్. ఎస్‌క్యూలైట్‌లో 'కోలన్ మెమరీ కోలన్' అని తెరిస్తే ప్రతి కనెక్షన్‌కీ దాని సొంత ఖాళీ డేటాబేస్ వస్తుంది. ఒక కనెక్షన్‌లో టేబుల్ కట్టి ఇంకోదాంట్లో వెతికితే 'అలాంటి టేబుల్ లేదు' అంటుంది. పైటెస్ట్ ఇచ్చే టెంప్ పాత్ ఫిక్స్చర్‌తో తాత్కాలిక ఫైలు వాడితే ఈ గొడవ ఉండదు.

మర్చిపోయిన కమిట్. గిట్ కమిట్ సంగతి కాదు, డేటాబేస్‌ది. పైథాన్ ఎస్‌క్యూలైట్ మాడ్యూల్ మామూలు అమరికలో ఇన్సర్ట్‌కి ముందు తనే ట్రాన్సాక్షన్ తెరుస్తుంది. మీరు కమిట్ పిలవకుండా కనెక్షన్ మూస్తే రాసిందంతా పోతుంది. అసలు చిక్కేమిటంటే, అదే కనెక్షన్‌తో వెంటనే చదివితే రాసింది కనిపిస్తుంది! కాబట్టి 'దాచింది దొరకాలి' అనే టెస్ట్ కమిట్ లేకపోయినా పాసవుతుంది. దాచి, కనెక్షన్ మూసి, కొత్తది తెరిచి చదివే టెస్ట్ విడిగా రాయండి. జాబితాలోని 'సర్వర్ ఆపి మళ్లీ నడిపినా' అన్న లైను ఇదే.

చూసి రాయడం. కోడ్ ఉందా అని ముందు వెతికి, లేకపోతే రాయడం ఒకేసారి రెండు రిక్వెస్టులు వస్తే దెబ్బతింటుంది. రెండూ 'లేదు' అనే జవాబే చూస్తాయి. కోడ్ కాలమ్‌ని ప్రైమరీ కీ చేయండి, నేరుగా రాయండి, ఇంటెగ్రిటీ ఎర్రర్ వస్తే ఢీకొన్నట్టు లెక్కవేసి ఇంకో కోడ్‌తో ప్రయత్నించండి. ఎనిమిదో విభాగంలో రాసిన ఢీకొనే టెస్ట్ ఈ మార్పుకి కాపలా కాస్తుంది, దాన్ని ముట్టుకోవాల్సిన పని లేదు.

## 11. పేజీ

ఇక్కడ ఎక్కువ ఆగక్కర్లేదు. మొదటి పేజీకి 200, అందులో ఒక ఫారం, తప్పు లింకు ఇస్తే ఎర్రర్ మాటతో పాటు టైపు చేసింది అలాగే ఉండటం. పేజీ మొత్తాన్నీ అక్షరం అక్షరం పోల్చే టెస్ట్ రాయకండి, బటన్ మీద మాట మార్చినా విరుగుతుంది.

ఒక్కటి మాత్రం తప్పనిసరి. టైపు చేసింది తిరిగి చూపిస్తున్నాం కాబట్టి, స్క్రిప్ట్ ట్యాగ్ ఉన్న లింకు పంపి, అది జవాబులో ముడి రూపంలో రాలేదని చూడండి. జింజా (ఫ్లాస్క్‌తో వచ్చే పేజీ నమూనాల పనిముట్టు) హెచ్‌టీఎమ్‌ఎల్ టెంప్లేట్ ఫైళ్లు వాడితే ఫ్లాస్క్ తనే ఎస్కేప్ చేస్తుంది, అంటే ట్యాగ్‌ని మామూలు అక్షరాలుగా మారుస్తుంది. స్ట్రింగులు అతికించి పేజీ కడితే చేయదు.

## 12. లక్షణం, కారణం, మందు

విడిగా పాస్, కలిపి నడిపితే ఫెయిల్. టెస్టులు తమ మధ్య ఏదో పంచుకుంటున్నాయి. మాడ్యూల్ స్థాయి డిక్షనరీ, సెషన్ స్కోప్ ఫిక్స్చర్, ఒకే డేటాబేస్ ఫైలు ఈ వరుసలో వెతకండి.

చిన్న మార్పుకి పది టెస్టులు విరుగుతున్నాయి. టెస్టులు లోపలి ఏర్పాటుని చూస్తున్నాయి. ప్రైవేట్ ఫంక్షన్ల మీద రాసినవి తీసేసి, అదే సంగతిని రిక్వెస్ట్-జవాబు స్థాయిలో అడగండి.

ఎక్కడ చూసినా మాక్‌లే (అసలుదాని స్థానంలో పెట్టే నకిలీలు). ఈ యాప్‌లో నకిలీకి అర్హమైనవి జనరేటర్, గడియారం, దాచే చోటు. మీ సొంత ఫంక్షన్లని మాక్ చేస్తుంటే టెస్ట్ చివరికి మాక్‌నే టెస్ట్ చేస్తుంది.

కవరేజీ 100 శాతం, అయినా బగ్గులు. కవరేజీ ఆ లైను నడిచిందనే చెప్తుంది, ఫలితాన్ని ఎవరైనా చూశారా అన్నది చెప్పదు. గడువు పోలికలోని గుర్తుని తిప్పి టెస్టులు నడపండి. ఏదీ ఎర్రబడకపోతే అక్కడ టెస్ట్ లేనట్టే.

ఎరుపు చాలాసేపు పోవడం లేదు. పెద్ద ముక్క మింగబోయారు. చివరి పచ్చ కమిట్‌కి వెనక్కి వెళ్లి, చిన్న టెస్ట్ ఎంచుకోండి. పోయేది కొన్ని లైన్లే, రెండోసారి రాసేటప్పుడు సగం సమయం కూడా పట్టదు.

టెస్టులు నిదానం. 'హైఫన్ ఎక్స్' ఇస్తే మొదటి ఫెయిల్ దగ్గరే ఆగుతుంది. 'లాస్ట్ ఫెయిల్డ్' ఆప్షన్ కిందటిసారి ఫెయిలైనవాటినే నడుపుతుంది. కమిట్‌కి ముందు మాత్రం మొత్తం నడపండి.

## 13. ప్రతి కమిట్‌కి ముందు

- [ ] ఈ టెస్ట్‌ని ఎర్రగా చూశానా? సందేశం చదివానా?
- [ ] పాసవడానికి కావాల్సిన దానికన్నా ఎక్కువ కోడ్ రాశానా?
- [ ] టెస్ట్ పేరు చదివితే యాప్ ఏం చేస్తుందో అర్థమవుతోందా?
- [ ] సర్దుబాటు చేశానా, లేక 'తర్వాత' అని వదిలానా?
- [ ] టెస్టులన్నీ నడిపానా?
- [ ] కాగితం మీద కొత్త లైన్లు చేర్చానా?

## 14. కాగితం మీద ఇంకా మిగిలినవి

యాప్ పనిచేస్తోంది. ఇక మీరే కొనసాగించడానికి మూడు లైన్లు, వరుసతో సహా.

మొదట, సర్వర్ బాగోగులు చెప్పే 'హెల్త్' అనే రూట్ చేర్చండి. ఆ ఇంగ్లీషు మాటకి సరిగ్గా ఆరు అక్షరాలు, అందులో మనం తీసేసినవి చూడండి: చిన్న ఎల్ ఉంది కాబట్టి జనరేటర్ దాన్ని ఎప్పటికీ పుట్టించలేదు. 'స్టేటస్' అని పెడితే మాత్రం ఆరూ ఒప్పుకున్న అక్షరాలే. ఆ కోడ్ ఎవరికైనా వస్తే ఫ్లాస్క్ స్థిరమైన రూట్‌కే ప్రాధాన్యం ఇస్తుంది, వాళ్ల లింకు ఎప్పటికీ తెరుచుకోదు. నకిలీ జనరేటర్‌తో ముందు ఈ ఎరుపు తెప్పించండి.

రెండోది, ఎన్నిసార్లు తెరిచారన్న లెక్క. గడువు తీరిన లింకు తెరిస్తే లెక్క పెరగాలా? టెస్ట్ రాయబోయేదాకా ఈ ప్రశ్న రాదు.

మూడోది, ఒకే లింకు రెండుసార్లు ఇస్తే పాత కోడే ఇవ్వాలా, కొత్తదా? పాతదే అంటే గడువు మొదటి రోజు నుంచా, ఇవాళ్టి నుంచా? దీన్ని చివర్లో పెట్టింది అందుకే: ఇది దాచే చోటుకి మూడో పద్ధతిని అడుగుతుంది, కాబట్టి పదో విభాగంలోని ఉమ్మడి టెస్టులతో మొదలుపెట్టాలి.